పన్నెండో భాగం

“గిది నేను రాసింది కాదే, వర్షితా.”

మెదక్ నెట్ సెంటర్లో కంప్యూటర్ తెర మీద సలోమి వేలు ఆగింది. ఆగిపోయిన టీవీ సీరియల్‌కు ఆమె మారుపేరుతో కొనసాగింపు రాస్తుంది. ఆమె నోటుబుక్కులో రాసిచ్చేదాన్ని సెంటర్ నడిపే వర్షిత టైపు చేసి వెబ్‌సైట్‌కు పంపుతుంది. తెలంగాణ సమ్మెకు బడి మూతపడటంతో, టీచరు సలోమి తన కథను తెర మీద చూసుకోవడం ఇదే మొదలు.

“నా కథల హీరోయిన్ మొగున్ని ఇడిచిపెట్టి పోయింది. పన్నెండో భాగంల మల్ల ఇంటికెట్లొచ్చింది?”

“చదివెటోల్లు అడిగిండ్రక్కా.”

“ఎంతమంది?”

“ఒక్కరే.”

సలోమి కిందికి జరిపి చూసింది. ప్రతి భాగం కిందా ఒకటే ప్రశ్న: ‘ఆమె మల్ల ఎప్పుడొస్తది?’ అడిగినవారి పేరు అనూప్.

సలోమి ఏడాది కింద విడిచి వచ్చిన భర్త.

“రాసేది నేనని ఆయనకెవరు చెప్పిండ్రు?”

వర్షిత తల వంచుకుంది. “రోజూ గీడనే కూసొని చదువుతుండక్కా. మొన్న ఏడ్సిండు. పాపమనిపించింది.”

సలోమి నోటుబుక్కు తీసుకుని లేచింది.

“ఆయన నా చెయ్యి ఇరగ్గొట్టిననాడు దవాఖానకు తోల్కపోయింది నువ్వే గదనే.”