లంకపిల్ల పరుగు

"ఫోనెత్తక్కా. మూడోసారి మోగుతాంది," అన్నాడు జానీ, కారు తాళాలు వంటింటి మేకుకి తగిలిస్తూ.

సువార్త ఎత్తలేదు. బయటికెళ్లేటప్పుడు తొడుక్కునే నల్ల అబాయా అయినా విప్పకుండా సింకు ముందు నిలబడి, రాత్రికి చుట్టాలొస్తారని మేడమ్ తీయించిన పెద్ద పళ్లేలు తోముతోంది.

"ఎత్తి ఏం చెప్పమంటావయ్యా?"

"ఉండేది చెప్పు. బిడ్డ ఆడ ఏడుస్తాంటుందేమో."

జానీది కడప. ఆ ఇంటి డ్రైవరు. మంచివాడే గానీ, చెప్పడం ఎంత తేలికో అనుకుంది సువార్త. సౌదీలోని దమ్మామ్‌కి ఇంటిపనికి వచ్చి ఆరేళ్లు. ఎంత చాకిరీ చేసినా రాని అలుపు ఇవాళ ఒక్కపూటలో వచ్చి మీద పడింది.

శ్రీలత ఆమెకి ఒక్కగానొక్క కూతురు. పద్దెనిమిదేళ్లది. గోదావరి పాయల మధ్య చిన్న లంకలో పుట్టింది. బడి అవతలి ఒడ్డున ఉండేది. పొద్దున్న పడవ ఒక్కటే. అది నడిపే దేవన్నకి గడియారం లేదు గానీ, పట్టుదలకేం తక్కువలేదు. దొరబిడ్డ వచ్చినా ఆగేవాడు కాదు. పిల్లేమో తీరా బయల్దేరాక గుమ్మం ముందు వంగి కూర్చుని చెప్పుల పట్టీలతో కుస్తీ పట్టేది. రేవులోంచి అది చూసి సువార్తకి ఒళ్లు మండిపోయేది.

"లతా! పడవెల్లిపోతందే!"

ఆ కేక చెవిన పడితే చాలు, పట్టీ పెట్టినా పెట్టకపోయినా పిల్ల లేచి ఇసకలో పరుగందుకునేది. ఒక్కనాడూ పడవ తప్పలేదు.

బడిలో ఆటలు నేర్పే ఉదయకిరణ్ మాష్టారు ఆ పరుగు చూసి పిల్లని జిల్లా పోటీలకి తీసుకెళ్లారు. జిల్లా అయింది, రాష్ట్రం అయింది, హైదరాబాదులో హాస్టలు అయింది. ఇప్పుడు ఆసియా జూనియర్ పోటీలు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, అవి దమ్మామ్‌లోనే పెట్టారు. పోటీలు అయ్యేదాకా పిల్లల్ని బయటివాళ్లు కలవకూడదట. కలవకపోతే మానె, కళ్లారా చూస్తే చాలనుకుంది సువార్త. ఈ ఆరేళ్లూ కూతురి పరుగంటే ఆమెకి మాష్టారు ఫోన్లో పంపే వీడియో తునకలే. అన్నీ చివరి గీత దాటేటప్పటివే. సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మేడమ్‌ని సెలవు అడుగుతూనే ఉంది. మేడమ్ వినీ విననట్టు తలూపేది.

ఫోన్ మళ్లీ మోగింది. చేతులు అబాయాకే తుడుచుకుని ఎత్తింది.

"అమ్మా, ఏటా గొంతు? ఏడుత్తన్నావా?"

"లేదే. ఈ ఏసీ గాలికి పట్టేసింది. నువ్వెలా ఉన్నావు?"

"వంద మీటర్లలో తీసేశారమ్మా. తుపాకీ పేలకుండానే లేచానని ఎర్రకార్డు చూపించి బయటికి పంపేశారు."

సువార్త గోడకి చేరగిలబడింది. తెలిసిన సంగతే అయినా పిల్ల నోట వినడం వేరుగా ఉంది.

"మాష్టారు తిట్టారా?"

"ఎందుకలా లేచావని అడిగారు. కాలు దానంతటదే లేచింది సార్ అన్నాను. కొత్తచోటు కదా, బెదిరానని ఆయనే సర్దుకున్నారు."

"నేనూ వద్దామనే అనుకున్నానే. మేడమ్ వదిల్తేగా."



"పోన్లేమ్మా. రాపోడమే మంచిదైంది. చూసుంటే తట్టుకోలేపోదువు. తిండి మానేసి కూచుందువు. అన్నం తిన్నావా?"

"నా అన్నానికేంగానీ, నువ్వు తిను. రేపింకోటుందన్నావుగా?"

"ఉంది. రెండొందల మీటర్లు. సాయంత్రం అయిదింటికి."

"అదైనా జాగర్తమ్మా. మనసు ఎటూ పోనీకు."

"మేడమ్‌ని మళ్లీ అడుగు. రేపు నువ్వు రావాల."

"ఎందుకులేవే. నేనొచ్చి వెలగబెట్టేదేముంది?" సువార్త ఖాళీ చేత్తో సింకు కుళాయి కట్టేసింది. "ఇంటికాడుండి దణ్ణం పెట్టుకుంటాను. అదే నీకు మేలు."

"అలాగంటే ఊరుకోను. నువ్వొత్తేనే పరిగెడతాను."

సువార్తకి ఏడుపు ఆగలేదు. ఫోన్ దూరంగా పట్టుకుని అబాయా అంచు నోట్లో కుక్కుకుంది. గుమ్మంలో నిలబడ్డ జానీ తల తిప్పుకున్నాడు.

"అమ్మా, ఇంటన్నావా?"

"ఆఁ."

"రేపు మాత్రం తుపాకీ పేలాకే కేకెయ్యమ్మా."