దేనికైనా వాడుకోవచ్చు

“ఈ నోటీసు చెల్లదు బాబాయిగారూ!” తలుపు మీద అంటించిన కాగితాన్ని చూపిస్తూ, అద్దెకుంటున్న అక్షరాలాయన గుడ్లురిమాడు. “ఈ ఫాంటు నేను గీసింది. నా అక్షరాలతో నన్నే ఇల్లు ఖాళీ చెయ్యమంటారా?”

జిగురు సీసాతో నిలబడ్డ ఇంటి ఓనరు తెల్లమొహం వేశాడు. “నాకేం తెలుసయ్యా? నెట్‌లో ఊరికే దొరికిందని మా మనవరాలంది.”

“ఊరికే ఇస్తే మాత్రం? దానికో లైసెన్సుంది!”

“ఉంది,” అంది వంటింట్లోంచి వచ్చిన అక్షరాలాయన భార్య. “ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చని తమరే రాశారు.”

“ఫాంటుని అమ్ముకోకూడదని కూడా రాశాను!”

“ఆయన అమ్మట్లేదు, మనల్ని గెంటుతున్నాడు. గెంటకూడదని రాశారా?”

అక్షరాలాయన మళ్ళీ నోటీసు వైపు తిరిగాడు. ఏళ్ళ తరబడి నడుం విరిగేలా గీసి ధర్మానికిచ్చిన అక్షరాలు తన మెడ మీదే చెయ్యి వేశాయి.

“కోప్పడకయ్యా,” అన్నాడు ఓనరు. “మిగతా ఫాంట్లన్నీ నా కళ్ళకి చీమల బారుల్లా కనిపించాయి. ఇదొక్కటే కళ్ళజోడు లేకుండా చదవగలిగా. కావాలంటే విను.”

‘మా అమ్మాయీ అల్లుడూ కాపురానికి వస్తున్నందున ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయవలెను’ అని వేలు పెట్టి చివరిదాకా చదివేసి, ముసలాయన బడిపిల్లాడిలా ఇటు తిరిగాడు. “ఒక్క తప్పైనా పోయిందా?”

“లేదండీ.” అక్షరాలాయన గొంతు తగ్గింది. కాగితాన్ని అంచులు చిరక్కుండా ఊడదీశాడు.

“చింపేస్తావా ఏంటి?”

“అబ్బే. ఒత్తులు కింది వరుసకి తగులుతున్నాయి. సరిచేసి పొద్దున్నే ఇస్తాను, అప్పుడు అంటించుకోండి.”

భార్య అటక మీంచి పెట్టెలు దించడం మొదలుపెట్టింది.