మరగబెట్టిన స్పాంజి

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బు ఇళ్ళ కప్పుల దాకా దిగి కూర్చుంది గానీ ఒక్క చినుకూ రాల్చలేదు, ఎండనీ రానివ్వలేదు. హాల్లో లైటు వేస్తే తప్ప గాజుతొట్టిలో చేపలు కనపడలేదు.

లైటు వేసింది అత్తగారు. వేసీ వేయగానే కేకేసింది.

"అమ్మాయ్! ఓ అమ్మాయ్! ఇవేంటే, అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి?"

కోడలు చేతిలో దువ్వెనతోనే పరిగెత్తుకొచ్చింది. ఐదు చేపలూ నీటిపైకి మూతులు పెట్టి గుటకలు వేస్తున్నాయి. అన్నిటికన్నా పెద్దది, మావగారు ముద్దుగా 'ముసల్ది' అని పిలుచుకునేది, ఒక పక్కకి ఒరిగిపోతోంది.

"ఆకలేమోనే."

"ఆకలి కాదత్తయ్యా. ఊపిరాడటం లేదు."

"మొన్ననే కదా తొట్టంతా అద్దంలా కడిగావు! ఇంకా ఏం రోగం వీటికి?"

కోడలు దువ్వెన జడలో గుచ్చేసి తొట్టి మీదికి వంగింది. ఆమెది ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి కత్తులూ కత్తెర్లూ శుభ్రం చేసి పంపే ఉద్యోగం. నల్లగా, జిగటగా ఏది కనపడినా చెయ్యి ఊరుకోదు. మొన్న మావగారు డ్యూటీకి వెళ్ళాక ఫిల్టరు విప్పి చూసింది. లోపలి స్పాంజి బురదముద్దలా ఉంది. ఈ మురికిలోంచా ఆ నీళ్ళు వచ్చేది అనుకుని, దాన్ని ఇరవై నిమిషాలు సలసలా మరగబెట్టింది. అడుగున రాళ్ళనీ వదల్లేదు. పాత నీళ్ళన్నీ పారబోసి కుళాయి నీళ్ళు నింపింది. మావగారు చూసి సంతోషిస్తాడనుకుంది.

ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ ఆ తొట్టి దగ్గరే ఖర్చయిపోతాయని అత్తగారి ఎగతాళి.

"మావయ్య చూశారా వీటిని?"

"ఎక్కడ చూస్తారే! ఇవాళ తెల్లారకముందే వెళ్ళిపోయారు. టీ కూడా తాగలేదు."

"ఆయన వచ్చేలోపు ముసల్దానికి ఏమన్నా అయితే నేను ఆయన మొహం ఎలా చూడను?"

"మొహం సంగతి తర్వాత. ముందు చెప్పులేసుకో."

రెండు వీధుల అవతల రంగుచేపల దుకాణం. దుకాణదారు స్టూలెక్కి పై వరస తొట్లకి మేత వేస్తున్నాడు. ఆమె చెప్పింది విని, మేత వేసే చెయ్యి అలాగే గాలిలో ఆపేశాడు.

"మరగబెట్టావా? స్పాంజినా?"

"ఇరవై నిమిషాలు."

"ఉప్పు కూడా వేశావా తల్లీ?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను స్టూలు దిగాడు.

"ఊరుకోమ్మా, సరదాకి అన్నాను. నువ్వు మురికి అనుకున్నావే, అందులో కంటికి కనపడని జీవులు కాపురముంటాయి. చేపలు వదిలే విషాన్ని అవి తినేస్తాయి. అందుకే నీళ్ళు బాగుంటాయి. నువ్వు వాటిని పిల్లాజెల్లాతో సహా ఉడకబెట్టావు. ఇప్పుడు చేపల విషం చేపలకే ఎక్కుతోంది."

"మరి స్పాంజి కడగనే కూడదా?"

"ఎందుకు కూడదు? తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టెయ్యాలి. అంతే. నీళ్ళు కూడా అన్నీ ఒక్కసారే మార్చకూడదు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మూడోవంతు నీళ్ళు తీసి, ఈ మందు చుక్కలు కలిపిన నీళ్ళు పొయ్యి. కుళాయి నీళ్ళ ఘాటు విరుగుతుంది. రెండు రోజులు మేత వెయ్యకు. వీటన్నిటికన్నా ముందు, బాగా నడుస్తున్న తొట్టిలోంచి తీసిన మురికి స్పాంజి కావాలి నీకు."

"మురికి స్పాంజి నాకెవరిస్తారండీ?"

అతను బల్ల కిందికి వంగి, ఎవరో ముందే తెచ్చి పెట్టినట్టు, నీళ్ళు పోసి ముడేసిన ప్లాస్టిక్ సంచి పైకి తీశాడు. లోపల తారుముద్దలా ఒక స్పాంజి.

"ఆరనివ్వకు. తిన్నగా ఫిల్టర్లో పెట్టెయ్యి."

ఆమె దండం పెట్టినంత పని చేసింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మా మావయ్యకి మాత్రం చెప్పకండి."

"నేనెందుకు చెప్తానమ్మా!" అని అతను మళ్ళీ స్టూలెక్కాడు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె ఒక మురికిని రెండు చేతులా పట్టుకుని, చుక్క కారనివ్వకుండా ఇంటికి తెచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేసి సెలవు చెప్పింది. నీళ్ళు మార్చింది. స్పాంజి పెట్టింది. అత్తగారు తొట్టి ముందు కుర్చీ వేసుకుని కబుర్లు అందించసాగింది.

"చిన్నది కిందికి దిగిందే... చారలది కూడా దిగింది... ముసల్ది మాత్రం మొండికేసింది. మీ మావయ్య పెంపకం కదా!"

మధ్యాహ్నం తిరిగాక ముసల్ది నిటారుగా నిలబడింది. సాయంత్రానికి తోక విసురుతూ ఒక చుట్టు చుట్టింది. అత్తగారు కోడలి బుగ్గ పుణికి, కుర్చీ తీసేసింది.

మావగారు వచ్చాడు. తొట్టి ముందు రోజూ నిలబడే దానికంటే కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు. స్నానం చేసి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

కోడలు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"మావయ్యా, ఫిల్టర్లో స్పాంజి మరగబెట్టేశాను. తెలియక చేశాను. ముసల్దాన్ని చంపినంత పని చేశాను."

అత్తగారు నోటి దాకా ఎత్తిన గ్లాసు అక్కడే ఆపేసింది. మావగారు తల ఎత్తలేదు.

"తినమ్మా, చల్లారిపోతుంది," అన్నాడు.

ముగ్గురూ తిన్నారు. హాల్లో బుడగల చప్పుడొక్కటే. ఆఖరి ముద్ద అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రేపు పొద్దున్నే ఆ స్పాంజిలో సగం కోసి నాకివ్వమ్మా. మా మేనేజరు గదిలో తొట్టి చేపలు నోళ్ళు తెరిచేలోపు, నేను తీసినచోటే పెట్టెయ్యాలి."