పై అంతస్తు తీగ

గీజరు వేసి నిమిషం కాలేదు, ఇల్లంతా చీకటైంది.

"మళ్లీనా!" స్నానాలగదిలోంచి అరిచాడు నజీబ్. ఒంటి నిండా సబ్బు నురగతో, నడుముకి తువ్వాలు చుట్టుకుని వచ్చేశాడు. విదాద్ సెల్‌ఫోన్ లైటు చూపించింది. మొగుడు బోర్డు తెరిచి చూశాడు. స్విచ్చులన్నీ పైకే ఉన్నాయి.

"లోపల స్విచ్చేం పడలేదు. కింది పెట్టెలోదే పడింది."

కింద, మెట్ల దగ్గరి పెట్టెలోకి వీధి జనరేటరు లైన్లు వస్తాయి. సర్కారు కరెంటు దయ తలిచే గంటో రెండు గంటలో పోను, సైదా ఊళ్లో మిగతా బతుకంతా జనరేటరువాడు ఇంటికింతని ఇచ్చే అయిదు ఆంపియర్ల మీదే. లైనుకి డబ్బు కట్టడం దగ్గర్నుంచి ఆ వ్యవహారాలన్నీ విదాదే చూసుకుంటుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పై అంతస్తు ముసలావిడ ఉమ్ వలీద్ మోకాళ్లు పట్టుకుంటూ దిగుతోంది. కాసేపటికి లైట్లు వెలిగాయి.

"చూశావా? మన కరెంటు పోతే ఆవిడెందుకు దిగుతుంది?"

విదాద్ సెల్‌ఫోన్ లైటు ఆర్పేసింది.

నజీబ్ బాల్కనీలో వెతికాడు. దొరికింది. పుదీనా కుండీల వెనక నుంచి ఓ నల్ల తీగ గోడమీద పాకి, సరిగ్గా ఉమ్ వలీద్ వంటింటి కిటికీలోకి దూరింది.

"ఓసి దొంగముఖమా! మన లైనులోంచి లాగుతోంది!"

"మెల్లగా. నలుగురూ వింటారు."

"విననీ! చలికాలంలో ఆ జనరేటరువాణ్ణే చొక్కా పట్టుకుని దులిపేశాను. లైను పీకేస్తానని ఎగిరాడు. పీకాడా? నా నోటికి జడిశాడు. ఈ ముసల్దెంత?"

సిగ్గుతో విదాద్ చెవులు కాలిపోయాయి.

చొక్కా తగిలించుకుని నజీబ్ మెట్ల మీదికి వెళ్లాడు. ఉమ్ వలీద్ రెయిలింగు పట్టుకుని ఎక్కివస్తోంది.

"ఏమ్మా ఉమ్ వలీద్, మా కరెంటు రుచిగా ఉందా?"

తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది. ఉమ్ వలీద్ మొహం పాలిపోయింది. అయినా చూసింది నజీబ్ వైపు కాదు, అతని వెనక నిలబడ్డ విదాద్ వైపు.

విదాద్ తల దించుకుంది. భూమి చీలితే అందులో దూరిపోవాలనిపించింది. ఒక్క మాట అంటే చాలు.

"ఇంత వయసొచ్చింది, సిగ్గుండక్కర్లేదూ?"

"ఉండాలి నాయనా," అంది ఉమ్ వలీద్. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి." ఇంకేమీ అనకుండా పైకి వెళ్లిపోయింది.

నజీబ్ పట్టకారు తెచ్చి బాల్కనీలోకి నడిచాడు. విదాద్ చెయ్యి పట్టుకుంది.

"నీ కాళ్లు పట్టుకుంటాను, అది కోయొద్దు."

"దొంగల మీద జాలేమిటే నీకు?"

చెయ్యి విదిలించుకున్నాడు. నల్ల తొడుగు చీల్చి, లోపలి ఎర్ర తీగని పట్టకారులో బిగించి, పటుక్కున తుంచాడు.

వాళ్ల ఇల్లంతా చీకటైంది. పైన ఉమ్ వలీద్ వంటింట్లో దీపం వెలుగుతూనే ఉంది.