ముప్పై ఏడు డిగ్రీలు

బయట కెనడాలోని విన్నిపెగ్‌లో మైనస్ ముప్పై. లోపల, ల్యాబ్ ఇంక్యుబేటర్‌లో ముప్పై ఏడు. తారస్‌ను డిసెంబరులో గడ్డకట్టిన నేలలో పూడ్చిపెట్టారు. అతని చర్మం మాత్రం ఇంకా ఒంటి వేడితోనే ఉంది.

ఆపరేషన్ రోజున జబ్బ లోపలి వైపు నుంచి తీసిన గోరంత ముక్క అది. పరిశోధనకు ఇస్తానని అతనే సంతకం పెట్టాడు. మంచు మీద జారిపడకుండా అతని భార్య ఒలీసియా ముప్పై ఒక్క ఏళ్ళు పట్టుకు నడిచిన జబ్బ. ఆమె పనిచేసే ల్యాబ్‌లో దానికి పేరు లేదు, నలభై ఒకటి అన్న నంబరే. అది ఎవరిదో ఆమెకూ, తోటి టెక్నీషియన్ బెర్నడెట్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ముక్కలోని కణాలను గడ్డకట్టించి దాచిన ఆఖరి ట్యూబు కరిగించి పన్నెండు గాజు డిష్షుల్లో పెంచారు. ఆరింటికి కణాలను పెంచే కొత్త మందు, గ్రోత్ ఫ్యాక్టర్; ఆరింటికి ఉత్త ఉప్పునీళ్ళు. రోజూ చుక్కలు వేసేది బెర్నడెట్. లెక్కపెట్టేవాళ్ళకు తెలియకూడదని, ఏ రంగు పట్టీ దేనికో కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించేసింది. చచ్చే కణాలు లెక్కపెట్టేది ఒలీసియా. ఆమెకు కనిపించేవి పసుపు పట్టీలు, ఆకుపచ్చ పట్టీలు, అంతే.

"పాత ఫ్యాక్టర్లన్నీ చర్మకణాల చావును ఆపాయి. ఇదీ ఆపుతుంది, చూస్తూ ఉండండి," అన్నాడు ల్యాబ్ పెద్ద డాక్టర్ ఫ్రీసెన్.

శుక్రవారం మైక్రోస్కోపులో చూస్తే ఆకుపచ్చవి కళకళలాడుతున్నాయి. పసుపువి ముడుచుకుపోతున్నాయి. చర్మకణం చచ్చేటప్పుడు గోల చేయదు. తనను తానే చిన్న చిన్న మూటలు కట్టేసుకుని, పక్కవాటికి ఇబ్బంది లేకుండా వెళ్ళిపోతుంది. తారస్ కూడా అంతే. తన చొక్కాలు తనే మడిచి అట్టపెట్టెల్లో సర్దిపెట్టి మరీ పోయాడు.

"బెర్నీ, పసుపువాటికి తిండి లేదు కదూ?"

"చెప్పనే. చెబితే నా ఉద్యోగం ఊడుతుంది."

"చచ్చిపోతున్నాడే!"

"ఆయన పోయి నెల దాటిందే తల్లీ. ఉన్నన్నాళ్ళూ వద్దన్నా వినకుండా గంపెడు పెరోగీ కుడుములు పెట్టావుగా! ఇక వదిలెయ్."

బెర్నడెట్ గ్లవ్స్ విప్పేసింది. భోజనానికి వెళ్ళిపోయింది.

ఒలీసియా ఫ్రిజ్‌లోంచి గ్రోత్ ఫ్యాక్టర్ సీసా తీసింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి పని ఎన్నడూ చేయలేదు. పసుపు డిష్షులకు రెండేసి చుక్కలు వేసింది. సీసా మూత పెట్టబోయి ఆగింది. శని, ఆదివారాలు ఇక్కడ ఎవరూ ఉండరు. ఆకుపచ్చవాటికీ ఒక్కో చుక్క వేసింది.

"తిను," అంది మెల్లగా.

ఆ రెండు రోజులూ వంటింట్లో అతను తన వెనకే నిలబడినట్టు అనిపించింది. భయం వేయలేదు. అతనికీ కంచం పెట్టింది.

సోమవారం పొద్దున పసుపు డిష్షుల్లో ఒక్క కణం మిగల్లేదు. ఆకుపచ్చవి కూడా మూటలు కట్టేసుకుంటున్నాయి.

"ఆలస్యం చేశానే," అని ఏడ్చింది ఒలీసియా. "ఇంకా ముందే వేయాల్సింది."

"ఏం వేశావ్? వేటికి?" బెర్నడెట్ ముఖం పాలిపోయింది.

"అన్నిటికీ."

డాక్టర్ ఫ్రీసెన్ వచ్చి కవరు చింపాడు. కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

మొదటి రోజు నుంచీ గ్రోత్ ఫ్యాక్టర్ పడుతున్నవి పసుపు డిష్షులే. ఆకుపచ్చవాటికి శుక్రవారం ఒలీసియా వేసిన చుక్కే మొదటిది.