ప్లగ్ పీకిన మనిషి

ప్లగ్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

స్క్రీన్ నల్లబడింది. ఫ్యాను రొద ఆగిపోయి గది ఒక్కసారిగా బావురుమంది.

"ఎవరమ్మా నువ్వు? ఏం చేశావు?" గుమ్మంలోంచే అడిగింది అక్క.

ఆ బొమ్మల సినిమా స్టూడియోకి యజమాని ఆవిడే. సొంత తమ్ముడికే కాదు, పనివాళ్ళందరికీ అక్కే. మట్టిబొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, ఇంకాస్త కదిపి ఇంకో ఫొటో. అలా ఏళ్ళ తరబడి ఒళ్ళు హూనం చేసుకుని తీసిన సినిమా మొత్తం ఆ పాత కంప్యూటర్లో ఉంది. మర్నాడు టీవీ వాళ్ళకి అప్పగించాలి. అప్పగించలేకపోతే స్టూడియో మూతే.

ప్లగ్ పట్టుకున్న మనిషి ఎడిటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం వచ్చింది. అక్క వచ్చేదాకా కూర్చోమని తమ్ముడు కుర్చీ చూపించాడట.

"ఫొటోలు చెడిపోతున్నాయండీ. ఆపమంటే ఆయన వినలేదు. అందుకని..."

"రంగులు దిద్దుతున్న మెషిన్‌కి మధ్యలో కరెంటు పీకేస్తావా? నువ్వసలు ఎడిటర్‌వేనా?"

"ముందు సెట్టింగ్స్ చూడండి. చూడకుండా మాత్రం పని మొదలుపెట్టకండి."

చేసిందంతా చేసి పైగా పాఠాలు. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె బ్యాగు తీసి మెట్ల మీదికి విసిరికొట్టింది.

టీ తాగి అప్పుడే వచ్చిన తమ్ముడు వెంటనే అందుకున్నాడు. తానిలా వెళ్ళాడో లేదో ఈవిడ అలా పీకేసిందన్నాడు. రాగానే అనుమానం వచ్చిందన్నాడు. గిట్టనివాళ్ళెవరో పంపి ఉంటారన్నాడు.

కొత్తావిడ అతని ముఖంలోకి ఒకసారి చూసింది. బ్యాగు దులుపుకుని మెట్లు దిగిపోయింది.

అక్క కోపం అంతటితో చల్లారేది కాదు. ఫోన్ తీసి తెలిసిన స్టూడియోలన్నిటికీ చెప్పింది. పేరు, ఆనవాళ్ళు చెప్పి, ఆ మనిషిని గడప తొక్కనివ్వద్దంది. వెనకవీధి స్టూడియో పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. ఆమెని ఉద్యోగంలోకి తీసుకుందామని సాయంత్రం రమ్మన్నాడట. వస్తే గుమ్మంలోంచే పంపేస్తానని మాటిచ్చాడు.

అప్పుడు అక్క పాత కంప్యూటర్లోంచి డిస్కు విప్పి తన ల్యాప్‌టాప్‌కి తగిలించింది.

మొదటి సీన్లో బొమ్మ ముఖం నిండా పచ్చటి చారలు. తర్వాతి దాంట్లో మొండెం ఒకచోట, తల ఒకచోట. ఆ తర్వాత ఉత్త బూడిదరంగు. నకలు డిస్కు పెట్టి చూసింది. అదీ అంతే. దిద్దిన ప్రతి ఫొటోనీ అసలు మీదా నకలు మీదా ఒకేసారి రాయించడం ఆ స్టూడియో పద్ధతి. రెండూ ఒకేలా చచ్చాయి.

"దాని చేతులు పడిపోను," అంటూ ఒక్కో ఫొటో తెరుస్తూ తిట్టింది అక్క. తమ్ముడు వంత పాడాడు.

సినిమా సగానికొచ్చేసరికి అక్క నోరు ఆగిపోయింది.

మధ్యలో కరెంటు పోతే చెడేది ఆ క్షణంలో రాస్తున్న ఫొటో ఒక్కటే. ఫైళ్ళ మీద టైము చూస్తే ఇవి పొద్దుట్నించీ ఒకదాని వెంట ఒకటి చెడుతూ వచ్చాయి. ఒకచోట ఆ వరస టక్కున తెగింది. అక్కణ్ణించి చివరిదాకా ఒక్క ఫొటోకీ మచ్చ లేదు.

తెగింది ఎక్కడో కాదు. ఆమె ప్లగ్ పీకిన చోట.

అక్క లేచింది. డిస్కు తగిలించకుండానే పాత మెషిన్ ఆన్ చేసి సెట్టింగ్స్ తెరిచింది.

ప్రాసెసర్ వేగం పెంచి ఉంది. అదీ బేస్ క్లాక్ పెంచి. ఆ కాలపు మెషిన్లలో ప్రాసెసర్, మెమరీ, డిస్కుకి రాసే భాగం అన్నీ ఒకే లయకి ఆడతాయి. ఆ లయ పెంచితే ప్రాసెసర్ గుర్రంలా పరిగెడుతుంది. వెనక ఉన్నవి అందుకోలేక తప్పులు రాస్తాయి. పైకేమీ తెలీదు. ఎంతసేపు నడిస్తే అంత నాశనం.

"ఇది ఎవరు ముట్టుకున్నారు?"

"ఆవిడే అయ్యుంటుంది అక్కా."

"పొద్దుట్నించీ చెడుతున్నాయిరా. ఆవిడొచ్చింది మధ్యాహ్నం."

తమ్ముడు ముక్కలు ముక్కలుగా కక్కాడు. మర్నాటికి పని అందదనిపించిందట. ఎవరి వీడియోలోనో చూసి పెంచాడట. చాలాసేపు పరీక్షించినా ప్రాసెసర్ వేడెక్కలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాడట. కొత్తావిడ స్క్రీన్ చూస్తూనే, బేస్ క్లాక్ గానీ పెంచారా అని అడిగిందట. లేదన్నాడు. ఆపమని బతిమాలితే, నీ పని చూసుకోమని చెప్పి టీకి వెళ్ళాడు.

"నేనావిణ్ణి గెంటేస్తుంటే నీ నోట్లో ఏముందిరా?"

"నిజం చెబితే నన్ను చంపేసేదానివి."

అక్క ఆమె నంబరుకి చేసింది. తియ్యలేదు. మళ్ళీ చేసింది. స్విచాఫ్.

వెనకవీధి పెద్దాయనకి చేసింది. ఆమె వచ్చిందన్నాడు. పనిలేదంటే ఎందుకని కూడా అడగలేదట. పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోతున్నానని చెప్పి వెళ్ళిందట.

"నీ మాట మీదే పంపేశానమ్మా. ఇంతకీ సినిమా మొత్తం పోయినట్టేనా?"

"సగం ఉంది. ఉంచింది ఆవిడే."

"అదేంటి? మరి పాడు చేసిందెవరు?"

తమ్ముడు రెండు చేతులూ జోడించాడు. ఆ మాట బయటికొస్తే ఈ చుట్టుపక్కల ఏ స్టూడియోవాడూ అతన్ని దగ్గరికి రానివ్వడు. పక్కగదిలో పనివాళ్ళు చేతిలో బొమ్మలు చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయారు.

"మా తమ్ముడు," అంది అక్క, వాళ్ళందరికీ వినపడేలా.