భట్టీ వెనక గది

"మిషన్ ఇటు తేవొద్దు బేటా!"

ఒక తెల్లగడ్డం ముసలాయన రెండు చేతులూ చాపి జేసీబీకి అడ్డంగా నిలబడ్డాడు.

డ్రైవర్ గంగన్న గబుక్కున బ్రేకు తొక్కాడు. ఫోర్‌మన్ రాజన్న పరుగెత్తుకొచ్చాడు. గంగన్న అతని బామ్మర్దే. "పిల్లగాన్ని నేను చూసుకుంట" అని అత్త గౌరవ్వకు మాటిచ్చి, జగిత్యాల నుంచి దోహాకు వెంటబెట్టుకొచ్చింది రాజన్నే.

చమురు డబ్బుతో ఊరంతా కొత్తగా లేస్తున్న రోజులవి. నడిబొడ్డున ముషైరిబ్ పేటలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే నేలమట్టం అవుతున్నాయి. ఈ ఇల్లు ఒకప్పుడు రొట్టెల దుకాణమట. రొట్టెలు కాల్చే భట్టీ ఎప్పుడో పోయింది. మసి పట్టిన గోడ, దాని మీద గుండ్రటి మచ్చ మిగిలాయి. పక్కనే నీలం రంగుతో, వంకర టింకర తెలుగులో 'వేడి రొట్టెలు' అని రాసి ఉంది.

"గా తెలుగు ఎవ్వలు రాసిండ్రు చాచా?" అడిగాడు రాజన్న.

"నేనే. ఫరీదుద్దీన్ అంటరు, మాది బోధన్. ఈ భట్టీల రొట్టెలు చేస్తుంటి. అరబ్బీ రాని మనోళ్ళు దుకాణం ముంగట నిలబడి, అడగనీకి సిగ్గుపడి వాపస్ పోతుండిరి. గందుకే రాసిన."

ఆ మాటకు రాజన్నకు ముసలాయన మీద గౌరవం కలిగింది.

"మంచిగ చేసినవ్ చాచా. మరి మిషన్ ఎందుకు ఆపినవ్?"

"వెనక గదిల కింద నీళ్ళ హౌజు ఉంది. పిండి కలపనీకి ట్యాంకర్ నీళ్ళు దాంట్ల నింపుతుంటిమి. నిలువెత్తు లోతు. పైన స్లాబుల సలాకలు తుప్పు వట్టిపోయినయ్. మిషన్ ఎక్కితే ఈ పిల్లగాడు దక్కడు."

రాజన్న ఆ క్షణమే ఇంజనీరు సుధాకరరావు దగ్గరికి పరుగెత్తాడు.

"డ్రాయింగులో హౌజూ లేదు, గీజూ లేదయ్యా," అని ఆయన తేలిగ్గా కొట్టిపారేశాడు. "పాత దుకాణాల వాళ్ళు పని ఆపించడానికి ఏదో ఒకటి అల్లుతూనే ఉంటారు. సరే, నీకంత భయమైతే ముందు గదుల నుంచి మొదలుపెట్టు."

ముందు గదులు కూలుతున్నన్నాళ్ళూ ముసలాయన వస్తూనే ఉన్నాడు. పనివాళ్ళు అన్నాలకు కూర్చోగానే ఖాళీ పిండి సంచి చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళేవాడు. గంట తర్వాత గడ్డం నిండా దుమ్ముతో, నడుము పట్టుకుని బయటికి వచ్చేవాడు.

"పాపం, దుకాణం మీద పాణం కొట్టుకుంటాంది బావా," అన్నాడు గంగన్న.

అంతలో స్టోర్‌లో రాగి తీగ మాయమైంది. ఆఫీసువాళ్ళు రాజన్నను పదిమందిలో కడిగిపారేశారు. రాజన్న చూపు నేరుగా ఆ పిండి సంచి మీద పడింది.

ఇరవయ్యో రోజు గుమ్మం దగ్గర కాపు కాశాడు. ముసలాయన బయటికి రాగానే సంచి లాక్కున్నాడు. ఖాళీగా ఉంది.

"కిటికీలకెల్లి అవతలికి ఇచ్చినవా? ఎన్ని దినాలసంది ఎత్తుకపోతున్నవ్?"

ముసలాయనకు కోపం రాలేదు. ఆయాసపడుతూ గోడకు చేరగిలబడ్డాడు.

"ఇయ్యాల్టితోని అయిపోయింది బేటా. వీసా గూడ అయిపోయింది. రేపు బోధన్ పోతున్న."

"అయిపోయిందట! సిగ్గుండాలె. పెద్దమనిషివని ఊకుంటే... యల్లా, నడువ్!"

అందరి ఎదుటా చెయ్యి పట్టి గేటు బయటికి గెంటాడు. ముసలాయన నడుము పట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులకు వెనక గది వంతు వచ్చింది. దొంగ చెప్పిన హౌజు మాటను రాజన్న ఇప్పుడు నమ్మడం లేదు.

"రా, రా, ఇంక జర ముందలికి!" అంటూ రాజన్నే చెయ్యి ఊపి జేసీబీని పిలిచాడు.

ముందు చక్రం గది మధ్యకు వచ్చిందో లేదో, కింద స్లాబు ఫెళ్ళున పగిలింది. బండి ముందుకు ఒరిగిపోయింది.

"గంగన్నా!"

రాజన్న కేకకు నలుగురూ ఉరికొచ్చారు. అప్పటికే చక్రం జానెడు దిగి అక్కడే ఆగిపోయింది. గంగన్న కిందికి దూకి, బావను పట్టుకున్నాడు.

బండిని వెనక్కి లాగి, విరిగిన స్లాబు తీశారు. కింద హౌజు ఉంది.

సుధాకరరావు ఒక మూల తవ్వించాడు. మనిషి మునిగే లోతుకు గానీ అడుగు తగల్లేదు.

ఆ లోతంతా ఇటుక ముక్కలు, గచ్చు పెళ్ళలు, రాళ్ళు. సందు లేకుండా చేత్తో పేర్చి కూరినట్టున్నాయి. అన్నీ ఈ ఇరవై రోజుల్లో తాము పగలగొట్టిన గోడలవే. మూలనున్న హౌజు ఇనుప మూత దాకా దుమ్ములో సంచి ఈడ్చిన చారలు.

"చాచా ఫోన్ నంబర్ ఎవ్వలకన్న తెలుసా?" రాజన్న అందరినీ అడిగాడు.

ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

రాజన్న ఆ రాళ్ళ పక్కనే కూలబడ్డాడు. దొంగ అని తాను గెంటేసిన ఆ మనిషి ఇరవై రోజులూ సంచితో మోసింది బయటికి కాదు, లోపలికి.